హెల్మెట్‌లో బొంత

ఆ హెల్మెట్ మా ఇంటికి వచ్చిన రోజు నేను మా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే మూతి ముడుచుకుని మూలన కూర్చోవడం కాదు. గిన్నెలు ఎత్తెత్తి పెట్టడం, ఏదైనా అడిగితే గోడకు చెప్పినట్టు జవాబివ్వడం. నా కోపం ఎప్పుడూ చప్పుడు చేసే కోపమే. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకుండానే మాడిపోయింది. వెనక వానలకన్నా ఉలవలు చల్లుకుందామని మొగులు వైపు చూస్తూ కూర్చున్నాం. అట్లాంటి సమయంలో మనిషి బెంగళూరు పోయి జీపుకు సామాను తెస్తాడనుకుంటే, గుమ్మడికాయంత ఎర్ర హెల్మెట్ ఒకటి చంకలో పెట్టుకుని బస్సు దిగాడు.

"ఏందిది?" అన్నాను.

"రేసు హెల్మెట్టు మే. కార్ల రేసుది. ఒకాయన వాడి అమ్మేసినాడు. అసలు సిసలుది."

"జీపు పైకప్పు చిరిగి వాన కురుస్తాంది. దానికి కప్పు లేదు గానీ నీ తలకాయకు కావాల్నా?"

"వానలు యాడ ఉన్నాయి మే కురిసేకి?" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండేది.

యాడికి అనే ఊరి నుంచి తాడిపత్రికి మనుషులను ఎక్కించుకుని తిరిగే జీపు ఆయనది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు వరుసగా కరువులు. చెరువులన్నీ నెర్రెలిచ్చి బయలు పడ్డాయి. ఎవరికి తట్టిందో గానీ, బెంగళూరు వాళ్లు వచ్చి ఎండిన చెరువుల్లో సున్నంతో గీతలు గీసి, మలుపుల్లో పాత టైర్లు పేర్చి రేసులు పెట్టేవాళ్లు. ఒక్కో బండీ ఒంటరిగా తిరిగి రావాలి, ఎవరు తొందరగా వస్తే వాళ్లది గెలుపు. నీళ్లుండాల్సిన చోట దుమ్ము లేపుకుంటూ బండ్లు తిరుగుతుంటే మేం ముఖాలు తిప్పుకునేవాళ్లం. మా ఆయనకు మాత్రం పిచ్చి పట్టింది. ఒకసారి చూసొచ్చాడు, ఇక నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నాడు.

హెల్మెట్ లోపలి గుడ్డకు కుట్టిన చిన్న చీటీ ఒకటి ఉంది. దాన్ని నాకు చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలు, ఏదో నంబరు. రోడ్డు మీద బండ్ల వాళ్లు పెట్టుకునే వాటికి వెనక ఐఎస్ఐ గుర్తు ఉంటుంది కదా, కార్ల రేసు హెల్మెట్‌కు అది చాలదట. దీన్ని ఇనుప దిమ్మె మీద ఎత్తు నుంచి పడేసి చూస్తారట, మళ్లీ అదే చోట ఇంకోసారి పడేస్తారట. గడ్డం కింది పట్టీని గుంజి చూస్తారట. లోపలి గుడ్డ మంటకు అంటుకోకూడదట. అన్నిటికీ నిలబడితేనే ఈ చీటీ కుడతారట. జాతకం చదివినట్టు చదివి చెప్పాడు. "ఈ చీటీ లేకుంటే రేసు గీత దగ్గరికి గూడా రానీరు," అన్నాడు.

మా అత్త గడప మీద కూర్చుని అంతా విన్నది. ఆమె చదువుకోలేదు. చీటీని మాత్రం వేలితో తడిమి కళ్లకద్దుకుంది.

మా అత్త గురించి చెప్పాలి. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడే మొగుడు పోతే కూలి చేసి పెంచిన మనిషి. నోరు మొరటు, చెయ్యి మెత్తన. ఆమెకు తెలిసిన మందులు రెండు: ఒకటి ఆముదం, రెండోది బొంత. తలనొప్పి అంటే నెత్తిన ఆముదం అద్దేది, మిగతా దేనికైనా బొంత పరిచేది. పాత నూలు చీరలు పొర మీద పొర పరిచి, సన్న కుట్టుతో ఆమె కుట్టిన బొంత మీద పడుకుంటే ఒంట్లో బాగలేనివాడికి కూడా నిద్ర పట్టేది. మా ఊళ్లో బాలింత లేని ఇల్లు ఉందేమో గానీ ఆమె బొంత లేని ఇల్లు లేదు.

ఎండాకాలం వచ్చింది. రేసు దగ్గర పడుతోందని ఆయన రోజూ హెల్మెట్ పెట్టుకుని జీపు తోలడం మొదలుపెట్టాడు. జీపులో ఎక్కిన ముసలమ్మలు భయపడి దిగిపోయేవాళ్లు. మా వైపు ఎండ సంగతి తెలిసిందే, రాయి మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఇల్లు చేరి హెల్మెట్ తీస్తే జుట్టు పిండొచ్చు. నెత్తంతా చెమటకాయలు, నుదుట సెగగడ్డ. మా అత్త ఆముదం గిన్నె పట్టుకుని ఒకటే గొణుగుడు: "బిడ్డ తలకాయ ఉడికిపోతాంది. ఇది టోపీనా, గంజి కుండనా?"

అంతలో మా అమ్మకు ఒంట్లో బాగలేదంటే నేను గుంతకల్లు పోయాను. మా నాయనది రైల్వే పని, వాళ్లు అక్కడే ఉండేవాళ్లు. అమ్మ కాస్త కోలుకున్నాక తిరిగి వచ్చేసరికి మా వాకిట్లో తెల్లటి పొట్టు. అటూ ఇటూ ఎగురుతోంది. కోళ్లు దాన్ని గింజలనుకుని పొడిచి, ఉమ్మేస్తున్నాయి.

"ఏందత్తా ఈ తెల్లది?"

"ఏముండాది, చెత్త! టీవీ పెట్టెల్లో పెడతారే, ఆ బెండు మాదిరిది. దుడ్లు తీసుకొని లోపల ఆ చెత్త కుక్కి అమ్మినారు దొంగనాబట్టలు! గాలి ఆడకుండా అదే కదా నా బిడ్డను ఉడకబెడతాండేది. గంటె పెట్టి గీకి పారేసినా."

థర్మాకోల్ అంతా గీకేసి, ఆ చోట తన నూలు చీరలతో కుట్టిన చిన్న బొంత అమర్చింది. ఎంత పనితనమని! గుండ్రంగా, ఎక్కడా ముడత లేకుండా, చెవుల దగ్గర మడిచి, అంచుకు దారంతో బిగించి. నిజం చెప్పొద్దూ, చూసి నేనూ ముచ్చటపడ్డాను. పది చదివానన్న మాటే గానీ, థర్మాకోల్ అంటే నాకూ అట్టపెట్టెల్లో వచ్చే చెత్తే. పాత గుడ్డ తీసేటప్పుడు ఊడిన ఆ ఇంగ్లీషు చీటీని మాత్రం ఆమె పారేయలేదు. "యంత్రం మాదిరి ఉండాది, పారేస్తే బిడ్డకు మంచిది కాదు," అని బొంత మీద సరిగ్గా అదే చోట, నాలుగు పక్కలా ముద్దుగా కుట్టేసింది.

ఆయన సాయంత్రం వచ్చి హెల్మెట్ తలకు తగిలించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, నువ్వు నెత్తిన చెయ్యి పెట్టినట్టు ఉండాది," అన్నాడు.

మా అత్త వక్కాకుతో గారపట్టిన పళ్లన్నీ కనిపించేట్టు నవ్వింది. ఆమె అట్లా నవ్వగా అంతకుముందు నేను చూడలేదు. వాకిట్లో పొట్టంతా ఊడ్చి దిబ్బలో పోసింది.

రేసు రోజు నేను కూడా ఆయనతో పోయాను, రేసుకు తోలేదీ ఆ జీపునే. బర్రెను ఎవరు చూస్తారని అత్త ఇంట్లోనే ఉండిపోయింది. అనంతపురం దగ్గరి ఓ చెరువు అది. షామియానా కింద బల్ల వేసుకుని బండ్లనూ, హెల్మెట్లనూ పరీక్ష చేసే పెద్దాయన కూర్చున్నాడు. కన్నడ యాసతో తెలుగు మాట్లాడే మనిషి. బ్రేకులు తొక్కించాడు, సీటు పట్టీలు గుంజాడు, బండి తిరగబడితే తల పగలకుండా కట్టిన ఇనుప కమ్మీలను తట్టి చూశాడు. తర్వాత ఎర్ర హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. పైన గీతలేమైనా ఉన్నాయేమోనని వెలుతురులో తిప్పాడు. గడ్డం పట్టీ లాగాడు. లోపలికి తొంగి చూసి చీటీ చదివి, బాగుందన్నట్టు తల ఊపాడు. మా ఆయన నా వైపు గర్వంగా చూశాడు.

అప్పుడు ఆ పెద్దాయన బొటనవేలు లోపల పెట్టి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. చీటీ చుట్టూ ఉన్న కుట్టు చూశాడు. అంచు పట్టి లాగేసరికి కింది పొరలోని మా అత్త నీలంరంగు చీర పూలు బయటికి కనబడ్డాయి.

"ఇదేమప్పా ఇది, తొట్టిల్లో బిడ్డ కింద పరిచే బొంతనా?" అని నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నవ్వుతూనే చెయ్యి ఇంకా లోపలికి పెట్టి తడిమి, ఒక్కసారిగా నవ్వు ఆపేశాడు.

"లోపలి థర్మాకోల్ ఏదప్పా?"

"వేడి చేస్తాదని మా అమ్మ తీసేసినాది సార్."

పెద్దాయన ఇంకొకరి హెల్మెట్ తీసుకుని లోపలి గుడ్డ పక్కకు జరిపి ఆ తెల్లదాన్ని మాకు చూపించాడు. "దెబ్బ తగిలితే ఇది నలిగిపోవాలి. మీ తలకాయ బదులు ఇది చావాలి. ఒకసారి నలిగినాక ఆ హెల్మెట్ ఇంక పనికిరాదు, పారేయడమే. పైన డిప్ప గట్టిగా ఉంటే చాలనుకుంటారు అందరూ. బొంత మెత్తనే, కానీ అది దెబ్బను తినదు. అణిగిపోయి, దెబ్బను తీసుకుపోయి తలకే ఇస్తుంది." చీటీ మీద వేలు పెట్టాడు. "ఈ నంబరు ఇచ్చింది ఆ తెల్లదానికి. దీనికి కాదు."

రేసుల్లో పనికిరాని హెల్మెట్ దొరికితే ఇంకెవరూ పెట్టుకోకుండా దాని పట్టీ కోసేస్తారట. ఆయన కత్తెర తీశాడు. మా ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు సార్. మా అమ్మ కుట్టినాది. ఇంట్లో పెట్టుకుంటా."

"కోసేయండి సార్! ఆయన మాట వినొద్దు, కోసేయండి," అన్నాను నేను. అందరి ముందూ గట్టిగానే అన్నాను.

పెద్దాయన మా ఇద్దరినీ చూశాడు. ఆయనకూ అమ్మ ఉండే ఉంటుంది కదా. కత్తెర పక్కన పెట్టి, "తలకు పెట్టుకోనని మాట ఇవ్వప్పా," అన్నాడు. మా ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఎవరో ఇచ్చిన హెల్మెట్‌తో రేసు తిరిగాడు, గెలవలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు జీపులో దారంతా నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన ఒకే మాట పట్టుకున్నాడు: "అమ్మకు చెప్పొద్దు. ఆమెకు తెలిస్తే ఏడుస్తాది. నాకోసం చేతులారా కుట్టినాది మే." ఇల్లు చేరగానే అత్త ఎదురొచ్చి, "ఏమన్నారు నాయనా హెల్మెట్ చూసి?" అని అడిగింది. "అందరూ తిప్పి తిప్పి చూసినారమ్మా," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రేసులు ఆగిపోయాయి. హెల్మెట్ చిలక్కొయ్యకు వేలాడుతుండేది. అట్లే ఉండుంటే ఈ కథే లేదు. తాడిపత్రిలో పోలీసులు మోటారుసైకిలు వాళ్లను ఆపి హెల్మెట్ ఏదని అడగడం మొదలుపెట్టారు. ఆయనకు పాత బండి ఒకటి ఉండేది, జీపు సామాను కోసం ఊరికి పోయిరావడానికి. కొత్త హెల్మెట్ కొంటాను కొంటాను అంటూ, ఓ పొద్దున ఎర్రది తీశాడు.

"మాటిచ్చినావు గదా ఆ సారుకు!"

"అది రేసుకు మే. రోడ్డు మీద మనమేమన్నా రేసు తిరుగుతాండామా? పోలీసోడు లోపల చెయ్యి పెట్టి చూస్తాడా ఏంది?"

నిజమే, ఎవరూ చూడలేదు. తల మీద ఉందా లేదా, అంతే. నేను ఆ హెల్మెట్‌ను ఒకసారి జొన్నల గాదెలో దాచాను. మా అత్తే వెతికి బయటికి తీసింది. "దీన్నెవురు ఈడ పెట్టినారు, ఎలకలు కొరికితే?" అని నన్ను తిట్టి, చెంగుతో తుడిచి కొడుకు చేతికిచ్చింది. ఆమె అట్లా గడపలో నిలబడి తుడిచి ఇస్తుంటే నేను ఏం మాట్లాడేది? ఆమె వెనక నుంచి ఆయనకు కళ్లెర్రజేసేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు బండి స్టార్ట్ చేసేవాడు.

ఆ ఏడు చలికాలానికి ఉలవలు కాస్త పండాయి. మా వైపు ఉలవ కట్టెను కళ్లంలో నూర్చరు, తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. అందరం చేసే పనే. పొద్దు వాలే వేళ, కళ్లలోకి ఎండ కొడుతుంటే, ఆయన మోటారుసైకిలు ఆ కట్టె మీద జారింది. కల్వర్టు గోడకు తల కొట్టుకుంది.

ఆసుపత్రిలో నాకు ఆయన బట్టలతో పాటు హెల్మెట్ కూడా చేతికిచ్చారు. పైన ఒక్క గీత, అంతే. డిప్ప చెక్కు చెదరలేదు. లోపల చీటీ కూడా కుట్టిన చోటే ఉంది. డాక్టరు దాన్ని తిప్పి చూసి నన్ను పక్కకు పిలిచాడు. "ఖచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ లోపల ఉండాల్సింది ఉంటే ఇంత దెబ్బ మెదడుకు పోయేది కాదు," అన్నాడు. నేను తల ఊపాను. నాకు ముందే తెలుసని డాక్టరుకు చెప్పలేదు.

మా ఆయన బతికాడు. ఇంటికి తెచ్చుకున్నాం. కుడి కాలు ఈడుస్తాడు, ఆ పక్క చెయ్యి లేవదు. మాటలు దొరకవు. చెంబు చూపించి "అది... అది" అని వెతుక్కుంటాడు, దొరక్క కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నిద్రలో గేర్లు మార్చే మనిషికి జీపు చూస్తే అదేమిటో గుర్తు రావడానికి కాసేపు పట్టేది. జీపు వేరేవాళ్ల చేతికి పోయింది. ఒక్క అమ్మను మాత్రం ఎప్పుడూ మరచిపోలేదు.

చూడటానికి వచ్చిన వాళ్లంతా హెల్మెట్‌ను చేతిలోకి తీసుకునేవాళ్లు. "అంత దెబ్బకు పగల్లేదు చూడప్పా! పెద్దమ్మ బొంత కాపాడినాది," అనేవాళ్లు. మా అత్త ఆ మాటను పట్టుకుని బతికింది. కొడుకు నోట్లో సంగటి ముద్ద పెడుతూ, "నా బొంతే లేకుంటే నువ్వు నాకు దక్కేవాడివా నాయనా," అనేది. నేను పొయ్యి దగ్గర పళ్లు కొరుక్కునేదాన్ని. ఒక్కోసారి లేచి అరిచి చెప్పేయాలనిపించేది, నీ బొంతే నీ కొడుకును ఇట్లా చేసింది ముసల్దానా అని. ఆయన నా ముఖం చూసి కనిపెట్టేవాడు. తల అడ్డంగా ఊపేవాడు, వద్దని. మాట పోయినా ఆ సైగ పోలేదు. నాకు ఆయన మీద ఎంత కోపమో అంత జాలి.

ఒకరోజు పక్కింటి అమ్మాయి వచ్చింది. ఆమె మొగుడు తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీకి రోజూ మోటారుసైకిలు మీద పోయొచ్చేవాడు. చేతిలో కొత్త నల్ల హెల్మెట్, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. వెనక ఐఎస్ఐ గుర్తు మెరుస్తోంది.

"పెద్దమ్మా, మీ కొడుకుకు కుట్టినావే, అట్లాంటిది మా ఆయనకూ ఒకటి కుట్టియ్యవా? నాకు భయంగా ఉండాది."

మా అత్త ముఖం వెలిగింది. కొడుకు పడ్డాక ఆమె సూది పట్టలేదు. లేచి పోయి పెట్టెలోంచి మంచి నూలు చీర తీసింది. వంటింట్లోకి వచ్చి నా చేతి పక్కనే ఉన్న గంటె తీసుకుపోయింది. వాకిట్లో కూర్చుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, లోపలి గుడ్డ లాగింది. తెల్లది కనపడింది.

మంచం మీద నుంచి ఆయన నన్నే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు అని.

నేను పోయి ఆ హెల్మెట్ లాక్కున్నాను. గంటె దూరంగా పడింది.

"ఏమొచ్చినాదే నీకు?" అంది అత్త.

చెప్పాను. అరవలేదు. జీవితంలో మొదటిసారి నా కోపానికి చప్పుడు లేదు. ఆ తెల్లదాన్ని చూపించి, రేసు దగ్గర పెద్దాయన చెప్పిందంతా చెప్పాను. నవ్విన వాళ్ల సంగతి, కత్తెర సంగతి, డాక్టరు మాట, అన్నీ. పక్కింటి అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే.

"ఇదంతా వానికి తెలుసునా?"

"తెలుసత్తా."

"తెలిసే పెట్టుకొని తిరిగినాడా?"

నేను మంచం వైపు చూశాను. ఆమె లేచి మంచం దగ్గరికి పోయింది. కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"తెలిసి ఎందుకు పెట్టుకున్న్యావు నాయనా? ఒక్క మాట చెప్పింటే నేనే పొయ్యిలో పెట్టేదాన్ని గదా."

ఆయన చాలాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. బాగున్న చెయ్యి ఎత్తి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. తర్వాత దొరికింది.

"మెత్తగా... ఉన్న్యాదమ్మా."

మా అత్త పక్కింటి అమ్మాయి హెల్మెట్ ఆమె చేతికి తిరిగి ఇచ్చింది. "తీసుకపోమ్మా. లోపల ఆ తెల్లదాన్ని ఎవుర్నీ ముట్టుకోనియ్యొద్దు," అంది. చీర మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత ఆమె బొంత కుట్టగా నేను చూడలేదు.

ఎండాకాలంలో దిబ్బ ఎరువు చేనికి తోలించాం. వాన పడింది. పదును మీద వేరుశనగ విత్తుతున్నాం. ఎర్ర నేలలో అక్కడక్కడా తెల్ల గింజల్లాంటివి కనపడుతున్నాయి. నేను చూసి కాలితో మన్ను కప్పుకుంటూ పోతున్నాను. మా అత్త వెనక నుంచి వస్తూ వంగి ఒకటి తీసింది. వేళ్ల మధ్య నలిపింది. అది అణిగింది, మళ్లీ లేవలేదు. దాన్ని ఒడిలో వేసుకుని ఇంకోదాని కోసం వంగింది.

"ఇవి మట్టిలో మురిగిపోవా అమ్మీ?" అని అడిగింది.

"మురగవత్తా," అన్నాను.

ఆమె ఒడి బిగించుకుంది. నాగలి చాలు పొడుగునా వంగి ఏరుకుంటూ పోయింది.